పాత క్యాసెట్లలోని పెళ్లి వీడియో ఫోన్‌లోకి మారిస్తే ముఖాలు సాగిపోతున్నాయా? ఎక్స్‌పోర్ట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

బీరువాలో ఎప్పటి నుంచో పడి ఉన్న చిన్న క్యాసెట్లు బయటకు తీస్తారు. 2006లోనో, 2007లోనో జరిగిన పెళ్లి. అందులో నాయనమ్మ ఉంది, పెదనాన్న ఉన్నాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్లు నడుస్తూ, నవ్వుతూ, అక్షింతలు వేస్తూ కనిపించేది ఆ క్యాసెట్‌లో మాత్రమే. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కాస్త ఎడిట్ చేసి, ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు. తీరా చూస్తే.. నాయనమ్మ ముఖం సన్నగా, పొడుగ్గా పీక్కుపోయినట్టు ఉంటుంది. పెళ్లికొడుకు తాటిచెట్టులా కనిపిస్తాడు. ఇంకో వీడియోలో అందరూ పక్కలకు అప్పడంలా సాగిపోయి ఉంటారు.

కెమెరా పాడైందని కొందరు, క్యాసెట్ చెడిపోయిందని కొందరు అనుకుంటారు. చాలాసార్లు రెండూ కాదు. వీడియో వెడల్పు, ఎత్తు లెక్క ఎడిటింగ్‌లోనో, ఎక్స్‌పోర్ట్‌లోనో తప్పిపోవడమే కారణం. ఈ తప్పుల్లో కొన్నింటిని ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. కొన్నింటిని మాత్రం మళ్లీ సరిచేయలేం. ఏది ఏ రకమో తెలియక ఒరిజినల్ క్యాసెట్‌ను పారేస్తే ఆ మనుషుల అసలు రూపం శాశ్వతంగా పోయినట్టే.

అసలు తిరకాసు ఎక్కడ?

పాత డబ్బా టీవీ తెర 4:3. అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఇప్పటి ఫ్లాట్ టీవీ తెర 16:9. దీన్నే వైడ్‌స్క్రీన్ అంటున్నాం. మన ఇళ్లలోకి హ్యాండీక్యామ్‌లు వచ్చిన కాలం సరిగ్గా ఈ రెండింటి మధ్య నడిచింది. ఒకే కెమెరాలో 4:3, 16:9 రెండు మోడ్‌లూ ఉండేవి. ఏ మోడ్‌లో తీశారో తీసినవాళ్లకే గుర్తుండదు.

మినీ డీవీ క్యాసెట్‌లో మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేమ్ 720 అడ్డం, 576 నిలువు చుక్కలతో రికార్డవుతుంది. 4:3లో తీసినా అంతే, 16:9లో తీసినా అంతే! చుక్కల సంఖ్య మారదు. మారేది చుక్క ఆకారం. వైడ్‌స్క్రీన్‌లో తీసినప్పుడు వెడల్పాటి దృశ్యాన్ని కెమెరా అడ్డంగా నొక్కి అదే 720 చుక్కల్లో సర్దుతుంది. దాంతోపాటు 'ఇది 16:9, చూపించేటప్పుడు విప్పి చూపించు' అని ఒక చిన్న గుర్తు రాసిపెడుతుంది. ఈ నొక్కి సర్దే పద్ధతినే అనామార్ఫిక్ అంటారు.

టీవీ గానీ, ప్లేయర్ గానీ ఆ గుర్తును చదివితే బొమ్మ సరిగ్గా విప్పుకుంటుంది. మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును వదిలేస్తే బొమ్మ నొక్కుకుపోయే ఉంటుంది. మనుషులు ఉండాల్సిన దానికంటే నాలుగో వంతు సన్నగా కనిపిస్తారు. రివర్స్‌లో జరిగితే, అంటే 4:3లో తీసినదాన్ని 16:9 అనుకుని విప్పితే, మనుషులు మూడో వంతు లావుగా కనిపిస్తారు.

స్కోప్ సినిమా గుర్తుందా?

ఈ తంటా హోమ్ వీడియోలతో మొదలైంది కాదు. తెలుగులో తొలి సినిమాస్కోప్ సినిమా 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. అలాంటి స్కోప్ సినిమాలను పాత డబ్బా టీవీలో చూపించాలంటే మూడే దారులు. ఒకటి, పైనా కిందా నల్లపట్టీలు పెట్టి మొత్తం బొమ్మ చూపించడం. రెండు, పక్కలు కోసేసి మధ్యలో ఉన్నది మాత్రమే చూపించడం. మూడు, బొమ్మను నొక్కి తెరలో ఇరికించడం. పట్టీలు పెడితే బొమ్మ చిన్నదవుతుంది గానీ ఏదీ పోదు. కోస్తే తెర నిండుతుంది గానీ పక్కన నిలబడిన నటులు మాయమైపోతారు. నొక్కితే అందరూ ఉంటారు గానీ ఎవరూ వాళ్లలా ఉండరు.

ఇంట్లో క్యాసెట్ ఎడిట్ చేసేటప్పుడు కంప్యూటర్ ముందున్నవి కూడా ఈ మూడు దారులే. తేడా ఏంటంటే, సినిమాకు నెగెటివ్ భద్రంగా ఉంటుంది. మన పెళ్లి క్యాసెట్‌కు ఇంకో కాపీ ఉండదు.

ఏ తప్పు సరిదిద్దుకోవచ్చు? ఏది కుదరదు?

నొక్కుకుపోయిన వీడియో: భయపడాల్సిన పని లేదు. చుక్కలన్నీ అలాగే ఉన్నాయి. ఆకారం గుర్తు సరిచేస్తే చాలు, బొమ్మ మామూలైపోతుంది.

నల్లపట్టీలు బొమ్మలోనే కలిసిపోయిన వీడియో: సగం నష్టం జరిగినట్టు. 16:9 దృశ్యాన్ని 4:3 ఫ్రేమ్‌లో పట్టీలతో ఎక్స్‌పోర్ట్ చేస్తే 576 గీతల్లో అసలు బొమ్మకు మిగిలేది 432 మాత్రమే. మిగతా 144 గీతలు నలుపే. పట్టీలు కోసి బొమ్మను పెద్దది చేసుకోవచ్చు గానీ పోయిన స్పష్టత తిరిగి రాదు.

కోతపడిన వీడియో: ఇది తిరిగిరాని నష్టం. 4:3లో తీసినదాన్ని 'ఫుల్ స్క్రీన్' చేయాలని పైనా కిందా కోస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. పీటల మీద కూర్చున్న జంట ఉంటుంది, వెనక నిలబడి అక్షింతలు వేస్తున్న పెద్దవాళ్ల తలలు ఉండవు. ఒరిజినల్ లేకపోతే ఆ తలలు ఇక ఎక్కడా లేనట్టే.

గుండ్రని వస్తువే సాక్షి

వీడియో ఆకారం సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి కంటి అంచనా చాలదు. 'మా బాబాయి అప్పట్లో సన్నగానే ఉండేవాడు' అని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది.

వీడియోలో కెమెరాకు ఎదురుగా ఉన్న గుండ్రని వస్తువును వెతకండి. గోడ గడియారం, ఆగి ఉన్న స్కూటర్ చక్రం, నిలువుగా పట్టుకున్న పళ్లెం.. ఏదైనా పర్లేదు. పక్క నుంచి, పై నుంచి తీసినవి పనికిరావు. వీడియోను అక్కడ ఆపి, స్కేలు పెట్టి తెర మీదే కొలవండి. నిలువు కొలత 6 సెంటీమీటర్లు ఉంటే అడ్డం కూడా 6 ఉండాలి. అడ్డం కొలత నాలుగు, నాలుగున్నర మధ్య వస్తే వైడ్‌స్క్రీన్ వీడియో నొక్కుకుపోయినట్టు. 8 దగ్గర వస్తే 4:3 వీడియో సాగిపోయినట్టు.

టీవీలో పెట్టి చూస్తుంటే ఒక జాగ్రత్త. రిమోట్‌లో పిక్చర్ సైజు బటన్ ఉంటుంది. జూమ్, వైడ్, ఫుల్ లాంటి మోడ్‌లు టీవీయే సొంతంగా సాగదీస్తుంది. దాన్ని ఒరిజినల్‌లో పెట్టి చూస్తేనే వీడియో తప్పా, టీవీ సెట్టింగ్ తప్పా అన్నది తేలుతుంది.

కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే పని ఇంకా తేలిక. వీడియో నడుస్తుండగా కీబోర్డులో 'ఏ' అక్షరం నొక్కుతూ పోతే 16:9, 4:3 అంటూ ఆకారాలు మారుతుంటాయి. గడియారం ఎక్కడ గుండ్రంగా కనిపిస్తే అదే మీ వీడియో అసలు ఆకారం. గుర్తుంచుకోండి, ఇది చూడటానికి మాత్రమే. ఫైల్‌లో ఏమీ మారదు. ఫైల్‌లో ఏ గుర్తు రాసి ఉందో తెలుసుకోవాలంటే మీడియా ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 'డిస్‌ప్లే ఆస్పెక్ట్ రేషియో' అన్న వరుస చూడాలి.

ఏ క్యాసెట్‌కు ఏ లెక్క?

కెమెరా రకాన్ని బట్టి అంకెలు మారతాయి. ఈ జాబితా దగ్గర పెట్టుకుంటే చాలు.

• మినీ డీవీ, పాల్, 4:3: ఫైల్‌లో 720×576. సరైన ఆకారంలో 768×576.

• మినీ డీవీ, పాల్, వైడ్‌స్క్రీన్: ఫైల్‌లో 720×576. సరైన ఆకారంలో 1024×576.

• అమెరికాలో కొన్న కెమెరాలతో తీసినవి: అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. ఫైల్‌లో 720×480. వైడ్‌స్క్రీన్ అయితే సరైన ఆకారంలో దాదాపు 854×480, 4:3 అయితే 640×480.

• హెచ్‌డీవీ క్యాసెట్లు: చాలా కెమెరాల్లో ఫైల్‌లో 1440×1080. ఇది ఎప్పుడూ వైడ్‌స్క్రీనే. సరైన ఆకారంలో 1920×1080.

• ఏవీసీహెచ్‌డీ, అంటే మెమరీ కార్డు లేదా హార్డ్‌డిస్క్ కెమెరాలు: కొన్ని 1920×1080, కొన్ని 1440×1080. రెండో రకమైతే పై లెక్కే.

• వీసీడీ: 352×288. ఈ పద్ధతిలో వైడ్‌స్క్రీన్ గుర్తుకు చోటే లేదు. అందుకే వైడ్‌స్క్రీన్ పెళ్లిని వీసీడీలోకి దించితే పట్టీలతో చిన్నదై ఉంటుంది, లేదా నొక్కుకుపోయి ఉంటుంది.

వైడ్‌స్క్రీన్ డీవీకి కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు 1024కు బదులు 1050 చూపిస్తాయి. కంగారు పడొద్దు. ఫ్రేమ్ అంచుల్లోని కొన్ని చుక్కలను లెక్కలోకి తీసుకోవడంలో తేడా అది. రెండున్నర శాతం తేడా కంటికి తెలియదు.

ఇంకో మెలిక ఉంది. కొన్ని కెమెరాల్లో సినిమా మోడ్ అని ఉండేది. అది నిజమైన వైడ్‌స్క్రీన్ కాదు. 4:3 ఫ్రేమ్‌లోనే పైనా కిందా నల్లపట్టీలు వేసి రికార్డు చేసేది. అలాంటి క్యాసెట్‌ను 16:9 అని విప్పితే మనుషులు లావైపోతారు. ఆ వీడియోకు 4:3 గుర్తే సరైనది.

కంప్యూటర్‌లోకి దించేటప్పుడే సగం పని

మినీ డీవీ, హెచ్‌డీవీ క్యాసెట్లను ఫైర్‌వైర్ కేబుల్‌తో దించడం మంచి పద్ధతి. క్యాసెట్‌లో ఉన్న డిజిటల్ సమాచారం ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి వస్తుంది. 16:9 గుర్తు కూడా దాంతోపాటే వస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఈ పోర్ట్ ఉండదు కాబట్టి పాత డెస్క్‌టాప్ వెతుక్కోవాలి, లేదా ఆ సౌకర్యం ఉన్న స్టూడియోకు వెళ్లాలి.

ఫైర్‌వైర్ దొరక్క పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న ఏవీ కేబుల్‌తో దించేవాళ్లు ఒకటి తప్పకుండా చూసుకోవాలి. చాలా హ్యాండీక్యామ్‌ల సెటప్ మెనూలో 'టీవీ టైప్' అనే ఆప్షన్ ఉంటుంది. అది 4:3లో ఉంటే వైడ్‌స్క్రీన్ వీడియోకు కెమెరాయే పట్టీలు వేసి బయటకు పంపుతుంది. అంటే 144 గీతలు అక్కడే పోయినట్టు. టీవీ టైప్‌ను 16:9కు మార్చి దించితే బొమ్మ నొక్కుకుపోయి వస్తుంది, చూడటానికి వికారంగానే ఉంటుంది. కానీ గీతలన్నీ ఉంటాయి. తర్వాత విప్పుకోవచ్చు.

చోటు విషయానికొస్తే, గంట డీవీ క్యాసెట్‌కు 13 జీబీ దాకా పడుతుంది. పది క్యాసెట్లు ఉంటే 130 జీబీ. ఇప్పుడు దొరికే మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఇది ఒక మూలకు కూడా రాదు. చోటు మిగులుతుందని దించేటప్పుడే చిన్న ఫైల్‌గా మార్చేయడం తెలివైన పని కాదు.

మెమరీ కార్డు కెమెరా అయితే ఒక్కో క్లిప్ కాకుండా కార్డులోని ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. ఎక్కువసేపు తీసిన వీడియోను ఈ కెమెరాలు ముక్కలుగా విడగొట్టి దాస్తాయి. ముక్కలను కలిపే సమాచారం పక్క ఫోల్డర్లలో ఉంటుంది.

ఎడిటింగ్‌లో తప్పు జరిగేది మొదటి నిమిషంలోనే

సాఫ్ట్‌వేర్ తెరవగానే కొత్త ప్రాజెక్ట్ ఏ సైజులో కావాలని అడుగుతుంది. తొందరలో అక్కడ ఓకే కొట్టేస్తారు. ఆ తర్వాత చేసే ప్రతి పనీ ఆ సైజు మీదే ఆధారపడుతుంది.

డీవీ వైడ్‌స్క్రీన్ క్యాసెట్ అయితే ప్రీమియర్ ప్రోలో డీవీ పాల్ విభాగంలోని వైడ్‌స్క్రీన్ ప్రీసెట్ ఎంచుకోవాలి. స్టాండర్డ్ అని ఉన్నది 4:3. క్లిప్ తప్పుగా కనిపిస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్'లోకి వెళ్లి పిక్సెల్ ఆస్పెక్ట్ రేషియోను డీవీ పాల్ వైడ్‌స్క్రీన్‌కు మార్చాలి. డావిన్చీ రిజాల్వ్‌లో అయితే 'క్లిప్ ఆట్రిబ్యూట్స్'లో పిక్సెల్ ఆస్పెక్ట్ రేషియోను 16:9 అనామార్ఫిక్‌గా పెట్టాలి.

కొందరు ఇది తెలియక స్కేల్ బటన్‌తో బొమ్మను చేత్తో పక్కలకు లాగుతారు. ఒక క్లిప్‌కు బాగానే ఉంటుంది. నలభై క్లిప్‌లు ఉంటే ఒక్కోటి ఒక్కోలా సాగుతుంది. ముహూర్తంలో లావుగా ఉన్న పెళ్లికూతురు అప్పగింతలకు సన్నబడిపోతుంది! అందుకే చేత్తో లాగొద్దు. క్లిప్‌లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి గుర్తు మార్చేయాలి.

ఫోన్‌లోనే ఎడిట్ చేసేవాళ్లు యాప్‌లో రేషియో లేదా కాన్వాస్ అన్న బటన్ వెతకాలి. ముందు దాన్ని 16:9కు మార్చి, ఆ తర్వాతే క్లిప్‌లు చేర్చాలి. ఫిట్ అంటే బొమ్మ మొత్తం కనిపిస్తుంది. ఫిల్ అంటే తెర నిండుతుంది, అంచులు కోతపడతాయి. స్ట్రెచ్ అని ఉంటే దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

4:3, 16:9 కలిసిపోతే?

చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. నిశ్చితార్థం 4:3లో ఉంటుంది, పెళ్లి 16:9లో ఉంటుంది. రెండూ ఒకే వీడియోలో రావాలి. అప్పుడు ప్రాజెక్ట్ 16:9లో పెట్టి, 4:3 క్లిప్‌లకు అటూ ఇటూ ఖాళీ వదిలేయాలి. నల్ల ఖాళీ బాగోలేదనిపిస్తే అదే దృశ్యాన్ని మసగ్గా చేసి వెనక పరచొచ్చు. సెల్‌ఫోన్‌లో నిలువుగా తీసిన వీడియోలను న్యూస్ ఛానళ్లలో చూపించేది ఇలాగే. తెర నిండినట్టూ ఉంటుంది, అసలు బొమ్మలో ఎవరి తలా తెగదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన క్యాసెట్‌ను ఇక్కడి వీడియోతో కలిపేటప్పుడు ఇంకో తేడా తెలుస్తుంది. ఇక్కడిది సెకనుకు 25 ఫ్రేములు, అక్కడిది 29.97. కలిపితే ఏదో ఒకటి కాస్త కుదుపుగా నడుస్తుంది. వీలైతే రెండూ వేర్వేరు వీడియోలుగా ఉంచుకోవడం మేలు. మనవడి తొలి అడుగులు కుదుపుతో చూడటం కంటే విడిగా చూసుకోవడమే నయం కదా!

ఎక్స్‌పోర్ట్.. ఈ ఐదు చూశాకే బటన్ నొక్కండి

1. చదరపు చుక్కలు: ఫోన్లు, టీవీలు, యాప్‌లు అన్నింట్లో ఒకేలా కనిపించాలంటే పిక్సెల్ ఆస్పెక్ట్‌ను 'స్క్వేర్' లేదా 1.0 పెట్టాలి. అప్పుడు గుర్తు మీద ఆధారపడాల్సిన పనే ఉండదు. కొన్ని యాప్‌లు ఆ గుర్తును అసలు పట్టించుకోవు మరి.

2. సైజు: పై జాబితాలోని 'సరైన ఆకారం' అంకెలే ఇవ్వాలి. డీవీ వైడ్‌స్క్రీన్‌కు 1024×576, హెచ్‌డీవీకి 1920×1080. స్క్వేర్ పెట్టి సైజు 720×576 వదిలేస్తే బొమ్మ మళ్లీ నొక్కుకుపోతుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

3. డీఇంటర్‌లేస్: పాత కెమెరాలు ఒక్కో ఫ్రేమ్‌ను సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో తీస్తాయి. ఫోన్‌లో చూస్తే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే అవి పోతాయి. సైజు మార్చడానికి ముందే ఇది జరగాలి. ఏ విడత ముందు అని సాఫ్ట్‌వేర్ అడిగితే డీవీకి 'లోయర్', హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీలకు 'అప్పర్' ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే కదలికలు వణుకుతాయి.

4. ఫైల్ రకం: ఎంపీ4, హెచ్.264 పెడితే దాదాపు ప్రతి ఫోన్‌లో నడుస్తుంది. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ అంకె డీవీ వీడియోలకు 18 నుంచి 22 మధ్య ఉంటే సరిపోతుంది. అంకె తగ్గితే నాణ్యత, ఫైల్ సైజు రెండూ పెరుగుతాయి.

5. ముందు ఒక్క నిమిషం: మూడు గంటల పెళ్లిని ఒకేసారి ఎక్స్‌పోర్ట్‌కు పెట్టొద్దు. గడియారమో, చక్రమో ఉన్న ఒక నిమిషం ముక్కను మాత్రమే తీయండి. ఫోన్‌లో, టీవీలో రెండింట్లో చూడండి. గుండ్రంగా ఉంటే మొత్తం పెట్టేయండి.

యూట్యూబ్, వాట్సాప్‌లో పెట్టేవాళ్లకు

యూట్యూబ్ ప్లేయర్ 2008 నవంబర్‌లోనే వైడ్‌స్క్రీన్‌కు మారింది. 4:3 వీడియో ఇచ్చినా తనంతట తానే సర్దుకుంటుంది. మనం పట్టీలు కలిపి పంపితే పట్టీల మీద పట్టీలు పడి, నాలుగు వైపులా నలుపు మధ్య వీడియో తపాలా బిళ్లంత అవుతుంది. కాబట్టి 4:3 వీడియో ఒక్కటే పెడుతుంటే దాన్ని 768×576లోనే పంపాలి.

వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే దాన్ని కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 2 జీబీ వరకు అలా పంపొచ్చు.

ఇక ఫోన్‌ను నిలువుగా పట్టుకుని చూసేవాళ్ల కోసం వీడియోను నిలువుగా మార్చాలనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. 16:9 వీడియోను పూర్తి నిలువు 9:16కు కోస్తే మిగిలేది మూడో వంతు కంటే తక్కువే. స్టేటస్‌కు ముప్పై సెకన్ల ముక్క అలా చేసుకుంటే పర్లేదు. పెళ్లి మొత్తాన్ని అలా కోసి దాచుకుంటే పక్కన నిలబడ్డ బంధువులంతా పోయినట్టే. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే సరిపోయేదానికి మనుషులను కోయడం ఎందుకు?

డీవీడీలో ఇప్పటికే పాడై ఉంటే?

చాలామంది దగ్గర క్యాసెట్లు లేవు. అప్పట్లో వీడియో మిక్సింగ్ చేయించిన డీవీడీలే మిగిలాయి. అందులో మనుషులు సన్నగా కనిపిస్తుంటే అదృష్టమనే చెప్పాలి! 16:9 బొమ్మకు 4:3 గుర్తు పడిందన్నమాట. హ్యాండ్‌బ్రేక్‌లో ఆ డీవీడీని తెరిచి, డైమెన్షన్స్ విభాగంలో అనామార్ఫిక్‌ను కస్టమ్ చేసి, పిక్సెల్ ఆస్పెక్ట్ దగ్గర 64, 45 అని ఇస్తే పాల్ డీవీడీ సరైన వెడల్పుకు వస్తుంది.

పట్టీలు కలిసిపోయిన 4:3 డీవీడీ అయితే పైన 72, కింద 72 గీతలు కోయాలి. మిగిలిన బొమ్మ సరైన ఆకారంలో 768×432 అవుతుంది. ఇది 16:9 లెక్కే. టీవీలో నిండుగా వస్తుంది, కొంచెం మసగ్గా ఉంటుంది. అంతకంటే మెరుగు కావాలంటే క్యాసెట్ దొరకాల్సిందే. అప్పుడు వీడియో తీసిన స్టూడియో దగ్గర, మేనమామ ఇంట్లో, అటక మీద ఒకసారి వెతికి చూడటం మంచిది.

స్టూడియోకు ఇస్తున్నారా? ఈ నాలుగు అడగండి

ఇంట్లో ఇవన్నీ చేసుకోలేనివాళ్లు స్టూడియోలకు ఇస్తారు. ఇచ్చేటప్పుడు మొహమాటపడకుండా అడగాల్సినవి ఇవి. క్యాసెట్‌ను ఫైర్‌వైర్‌తో దించుతారా, ఏవీ కేబుల్‌తోనా? వైడ్‌స్క్రీన్ క్యాసెట్‌ను వైడ్‌స్క్రీన్‌గానే ఇస్తారా? 4:3 క్యాసెట్‌ను 'ఫుల్ స్క్రీన్' పేరుతో సాగదీయడం, కోయడం చేయరు కదా? ఎడిట్ చేసిన వీడియోతో పాటు ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైల్, క్యాసెట్ రెండూ వెనక్కి ఇస్తారా? నాలుగోది అన్నింటికంటే ముఖ్యం.

పారేయొద్దు

ఎంపీ4 వచ్చేసింది, ఇంకా ఈ క్యాసెట్లు ఎందుకని చాలా ఇళ్లలో పారేస్తున్నారు. వీడియో సరిగ్గా వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కసారి చూసి చెప్పేదాకా ఆగాలి. నాయనమ్మ ముఖం ఎలా ఉండేదో చిన్నపిల్లలకు తెలియదు. వాళ్లు తెరమీద కనిపించిందే నిజం అనుకుంటారు. నాయనమ్మను దగ్గరగా చూసినవాళ్లే 'ఇది మా అమ్మ ముఖం కాదురా, ఏదో తేడాగా ఉంది' అని పట్టుకోగలరు. వాళ్లు ఉండగానే ఈ పని పూర్తి చేసుకోవాలి.

దించిన ఒరిజినల్ ఫైల్ ఒక హార్డ్‌డిస్క్‌లో, దాని కాపీ ఇంకొకరి ఇంట్లో ఉంచాలి. క్యాసెట్లను తేమ తగలని చోట, స్పీకర్లకు దూరంగా, నిలువుగా నిలబెట్టి దాచాలి. ఎడిట్ చేసినది నచ్చకపోతే ఎన్నిసార్లయినా మళ్లీ చేసుకోవచ్చు, ఒరిజినల్ చేతిలో ఉన్నంతకాలం.